చర్మము క్రింది మైనము



ఈ సాయంకాలము నేను ప్రసంగింపబోవు విషయము రచ్చబండమీద పలువురి యెదుట చెప్పుకొనదగినది కాదని కొందఱు తలపవచ్చును. స్త్రీపురుషుల గుహ్యావయవములలో, పరిమాణము పెంచుటకో సొంపు తెచ్చుటకో, సూదితో మైనమును, నూనెను, జిగురు పదార్థములను ఎక్కించుటయు, దానివలన కలిగిన అనర్థములును నేటి విషయము. ఈ పని చేయించుకొన్నవాడు తండ్రితో చెప్పడు, అన్నతో చెప్పడు, కట్టుకొన్న భార్యతో గూడ తొలుత చెప్పడు. పుండు పడి నడువలేని స్థితి వచ్చినప్పుడు మాత్రమే ఇంటి పెద్దకు తెలియును. కావుననే పెద్దలగు మీతో చెప్పుట యుక్తమని తలచితిని. నేను వైద్యుడను కాను. బాలురకు సంస్కృతాంధ్రములు చెప్పి విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయుడను. చిన్ననాట గురువుగారియొద్ద అమరముతోపాటు సుశ్రుతసంహితలోని కొన్ని అధ్యాయములు చదువుకొన్నందున ఈ విచారణయందు నాకు కుతూహలము కలిగినది. తక్కినది పాశ్చాత్యుల వైద్యచరిత్రను చూచి తెలిసికొన్నది.

సుశ్రుతాచార్యుడు శల్యమను మాటకు విశాలమైన అర్థము చెప్పెను. బాణపు ములికి ఒక్కటే శల్యము కాదు. శరీరమున జొచ్చి బాధించు ప్రతి వస్తువును శల్యమే. సూత్రస్థానమున 26వ అధ్యాయము లోపల దాగిన శల్యమును గుర్తించు విధమును బోధించును. అందొక ముఖ్యమైన విచారణ కలదు. కొన్ని శల్యములు దేహమున కరగిపోవును, కొన్ని కరగవు. కొమ్ము, దంతము, వెండ్రుక, ఎముక, వెదురు, కొయ్య, రాయి కరగవనియు, బంగారము, వెండి, రాగి మొదలగు లోహములు చిరకాలమునకు పిత్తతేజముచే కరగుననియు ఆచార్యుడు చెప్పెను. ఈ రెండవ మాట నేటి శాస్త్రమునకు సరిపడదు; బంగారము దేహమున కరగదు. అయినను ఆయన వేసిన ప్రశ్న సరియైన ప్రశ్న. లోపలికి పోయిన వస్తువు కరగునా, నిలుచునా? నిలిచినచో శరీరము దానిని ఏమి చేయును? వేల మైళ్ల దూరమున, ఎంతో కాలమునకు పిమ్మట, ఐరోపా వైద్యులు ఈ ప్రశ్నయందే చిక్కుకొనిరి.

వారి కథకు పోవుటకు ముందు సుశ్రుతమునుండి ఇంకొక్క అధ్యాయమును పేర్కొనవలెను. నిదానస్థానమున 14వ అధ్యాయము శూకదోషనిదానము. శూకములనగా నీటియందు పుట్టు విషక్రిములు. కొందఱు పురుషులు శిశ్నము పెరుగవలెనని వీనిని నూఱి పూసికొనుచుండిరి. వాత్స్యాయనుని కామసూత్రములలో, ఏడవ అధికరణమున, ఈ ప్రయోగము చెప్పబడియున్నది కూడ. వాత్స్యాయనుడు వాపు కలుగునని చెప్పి విడిచెను. ఆ వాపు తరువాత ఏమి జరుగునో సుశ్రుతుడు వ్రాసెను. క్రమము తప్పి వృద్ధిని కోరు మూఢునికి 18 వ్యాధులు కలుగునని లెక్కపెట్టెను. ఆవగింజలవంటి పొక్కులు సర్షపిక. రాతివలె గట్టిపడుట అష్ఠీలిక. ముడులు ముడులుగా కట్టుకొనుట గ్రథితము. స్పర్శ నశించుట స్పర్శహాని. సన్నని రంధ్రములు అనేకము పడుట శతపోనకము. చర్మము పండి చీము పట్టుట త్వక్పాకము. ఈ 18లో మాంసార్బుదము, మాంసపాకము, విద్రధి, తిలకాలకము అను నాలుగును కుదురవని స్పష్టముగా చెప్పెను. తక్కినవానికి చికిత్సాస్థానమున 21వ అధ్యాయమును ప్రత్యేకించెను.

ఇందువలన మనవారికి సర్వము ముందే తెలియునని చెప్పుట నా యుద్దేశము కాదు. సుశ్రుతుని కాలమున చర్మముక్రింద నూనె ఎక్కించు బోలుసూది లేదు. నేను గమనింపుమని కోరునది వేఱు. ఒక గొప్ప శస్త్రవైద్యుడు ఈ రోగములకొఱకు నిదానమున ఒక అధ్యాయమును, చికిత్సయందు ఒక అధ్యాయమును కేటాయించెననగా, అట్టి రోగులు ఆయనయొద్దకు తఱచుగా వచ్చుచుండిరనుట నిశ్చయము. సిగ్గుపడి ఆయన ఆ అధ్యాయమును మానుకొనలేదు.

ఇక వియన్నా నగరము. అది ఆస్ట్రియా దేశపు రాజధాని; పందొమ్మిదవ శతాబ్దము చివర శస్త్రవైద్యమునకు పుట్టినిల్లని పేరు పొందినది. అచ్చట బిల్‌రోతు అను మహావైద్యుని సహచరుడు రాబర్టు గెర్సూని అనునతడు రుడోల్ఫినర్‌హౌస్ ఆస్పత్రియందు పనిచేయుచుండెను. 1844లో జన్మించిన ఈతడు చేయితిరిగిన వైద్యుడు, మంచివాడు. ఇతనియొద్దకు ఒక యువకుడు వచ్చెను. క్షయరోగము సోకినందున ఆ యువకుని వృషణములు రెండును తీసివేయబడినవి. సంచి మాత్రము ఖాళీగా మిగిలినది. శరీరమున బాధ లేకున్నను మనస్సున బాధ కలదు. గెర్సూని 1899లో ఆ సంచియందు వాసలీనును సూదితో ఎక్కించి, వృషణములు ఉన్నట్లే కనబడునట్లు చేసెను. రోగి సంతోషించెను. మరుసటి సంవత్సరము, అనగా 1900లో, గెర్సూని ఈ సంగతిని ఒక వైద్యపత్రికయందు ప్రకటించెను. చర్మముక్రింది కృత్రిమావయవము అని దానికి పేరు పెట్టెను. నేటి ముఖములయందు, పెదవులయందు, రహస్యావయవములయందు ఎక్కించు సమస్త పూరక పదార్థములకును ఆదిపురుషుడు ఈ వృషణకోశమునందలి వాసలీను ముద్దయే. గుహ్యావయవమునందే ఈ విద్య పుట్టినదనుట చాలమందికి తెలియదు.

వాసలీను ఎట్టిదో చెప్పెదను. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమున 1859లో భూమినుండి కిరసనాయిలు ముడినూనె తోడుట ఆరంభమైనది. ఆ గొట్టములకు ఒక నల్లని జిడ్డు పట్టుచుండెను. పనివారు దానిని తిట్టుకొనుచునే తమ గాయములకు, కాలిన చోట్లకు పూసికొనుచుండిరి. రాబర్టు చీజ్‌బ్రో అను యువకుడు దానిని శుభ్రపఱచి తెల్లగా చేసి 1872లో హక్కుపత్రము పొందెను. ఆయన దినమున కొక చెమ్చా వాసలీను తినుచుండెనని చెప్పుదురు. 96 ఏండ్లు బ్రతికి 1933లో మరణించెను. చర్మముపై పూసిన వాసలీను నిరపాయకరమే. బండి యిరుసునకు మనము పూయు కందెనకు ఇది శుభ్రమైన చుట్టము. పైపూతకు మంచిదైన వస్తువు లోపల కూడ మంచిదే యగునని తలచుట సహజము. అదియే తప్పుదారికి మొదలు.

గెర్సూని వ్యాసము వెలువడిన వెంటనే ఐరోపా అంతటను, అమెరికాయందును ఈ విద్య వ్యాపించెను. ఆ కాలమున సవాయి రోగముచేత ముక్కుదూలము కూలిపోయినవారు నగరములయందు చాలమంది కలరు. మన దేశమునందు ముక్కు తెగినవారికి చెంపనుండియో నొసటినుండియో సొంత మాంసమునే త్రిప్పి కుట్టుట ప్రాచీనవిద్య. 1794లో లండనులోని ఒక పత్రికయందు మహారాష్ట్రదేశపు అట్టి చికిత్స వర్ణింపబడగా, దానిని చూచి ఆంగ్ల శస్త్రవైద్యులు నేర్చుకొనిరి. కత్తి, కుట్టు, ఎన్నో దినముల బాధ కలిగిన ఆ పద్ధతి ఎక్కడ? ఒక్క సూదిపోటుతో అర్ధగంటలో ముగియు ఈ క్రొత్త పద్ధతి ఎక్కడ? జనము దీనికే మొగ్గిరి. ముడుతలు పోవుటకు, చెక్కిళ్లు నిండుటకు, స్తనములు పెరుగుటకు గూడ మైనమును ఎక్కింపసాగిరి. వ్యాధిగ్రస్తుల ఊరటకై పుట్టినది మూడేండ్లలో అలంకారమునకై అంగడి కెక్కినది.

అంతలో వైద్యులలో ఒక వివాదము పుట్టినది. వాసలీను సుమారు 40 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి కరగును. మన దేహపు వేడిమి 37. జ్వరము వచ్చినచో రెండును ఒకచోటికి వచ్చును. ముద్ద జారి ఎక్కడికైనను పోవచ్చును. బెర్లిను నగరమున ఎక్‌స్టైన్ అను వైద్యుడు దీనికి ప్రతిగా గట్టి పారఫిను మైనమును వాడవలెనని వాదించెను. అది 60 డిగ్రీలకు చేరువలో గాని కరగదు. కావున లోపల రాయివలె నిలుచుననియు, శరీరము దానిచుట్టు పొర కట్టి ఊరకుండుననియు ఆయన నమ్మకము. కాని అంత వేడిగా నుండు మైనమును మాంసమున ఎక్కించినచో మాంసము ఉడుకును. చల్లారనిచ్చినచో సూదిలోనే బిగుసుకొనును. వాసలీను పక్షము, పారఫిను పక్షము అని రెండు పక్షములై, ఏది ఎంత వేడిమికి కరగవలెనని వైద్యపత్రికలలో వాదించుకొనిరి. ఈ వాదమును చదివినప్పుడు, కరుగు వేడిమిని గూర్చి ఇంత శ్రద్ధ చూపినవారు, శరీరము ఒప్పుకొనునా అను మాటను ఆదిలోనే ఏల యెక్కువగా విచారింపలేదని నాకు ఆశ్చర్యము కలుగును.

అపాయములు త్వరగానే బయలుపడినవి. 1901లో జర్మను వైద్యుడు ఫాన్నెన్‌స్టీల్, మూత్రము నిలువని ఒక స్త్రీకి మూత్రద్వారము చెంత మైనము ఎక్కింపగా అది రక్తనాళమున జొచ్చి ఊపిరితిత్తులకు చేరిన సంగతిని తెలిపెను. 1902, 1903 సంవత్సరములలో ముక్కున మైనము ఎక్కించుకొన్నవారికి కన్ను పోయిన వృత్తాంతములు ప్రకటితములైనవి. ముక్కునకును కంటికిని ఏమి సంబంధమని మీరడుగవచ్చును. ముక్కుపై చర్మమునందలి ధమనులు కంటికి పోవు ధమనులతో కలిసియున్నవి. పిచికారి బలముచే మైనపు నలుసు ఆ త్రోవలో వెనుకకు త్రోయబడి, కంటినాళమును మూసివేయును. చూపు క్షణములలో పోవును. ఇది సూది ఎక్కించువాని చేతినైపుణ్యముతో కొంత తగ్గును గాని, పూర్తిగా పోదు.

ఇంతకన్న విచిత్రమైన సంగతి, అదే సూది పనియొక్క రెండవ ఫలము. మైనము చోటు మారును. ఆ కాలపు సుందరులలో ప్రసిద్ధురాలగు గ్లాడిస్ డీకన్ అను అమెరికా స్త్రీ 22 ఏండ్ల ప్రాయమున తన ముక్కు గ్రీకు విగ్రహముల ముక్కువలె తిన్నగా నుండవలెనని మైనము ఎక్కించుకొనెను. అది జారి గడ్డమునొద్దకు దిగినది. ఆమె 1921లో మార్లుబరో డ్యూకునకు భార్యయై ఇంగ్లండున పెద్ద భవనమున నివసించెను. 96 ఏండ్లు జీవించి 1977లో మరణించెను. ఆ చెడిన ముఖమును డెబ్బదియేండ్లకు పైగా మోసినది. రాజభోగమున్నను దానిని సరిచేయు వైద్యుడు లభింపలేదు.

1906లో అమెరికా వైద్యుడు హైడింగ్స్‌ఫెల్డు ఈ మైనపు గడ్డలను సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించి వర్ణించెను. పారఫినోమా అను పేరు వీనికి స్థిరపడినది. లోపల జరుగు పని మీరందఱు ఎఱిగిన ఉపమానముతో చెప్పెదను. అరికాలున తుమ్మముల్లు విరిగి నిలిచెననుకొనుడు. మొదట శరీరము చీముపట్టించి దానిని బయటకు నెట్టజూచును. నెట్టలేనిచో దానిచుట్టు గట్టి గోడ కట్టును. ముల్లు ఒకటి గనుక గోడయు ఒకటే. మంగలి గాని వైద్యుడు గాని కోసి తీసినచో పీడ విరగడయగును. నూనెగాని మైనముగాని అట్లు ఒకచోట నుండదు. మాంసపు సందులలో వేలకొలది బిందువులుగా చెదరిపోవును. మన రక్తమున చెత్తను మ్రింగు కణములు కలవు. అవి ఈ బిందువులను మ్రింగజూచి జీర్ణించుకొనలేక, ఒకదానితో నొకటి కలిసి పెద్దవై, వానిచుట్టు కాపలా కాయును. ఆ కాపలా కణముల వెలుపల నారవంటి మాంసము పెరుగును. ప్రతి బిందువునకును ఒక గోడ. వేలగోడలు కలిసి పలకవలె బిగియును. అట్టి ముక్కను సూక్ష్మదర్శినిలో చూచినచో తేనెపట్టువలె రంధ్రములమయముగా నుండును. గ్రథితమనియు, అష్ఠీలికయనియు, శతపోనకమనియు సుశ్రుతుడు పెట్టిన పేర్లు ఇచ్చట జ్ఞప్తికి రాక మానవు. కారణము వేఱైనను, దేహము బదులు చెప్పు తీరు ఒక్కటే.

ఈ బదులు వెంటనే రాదు. కొందఱికి కొన్ని దినములలో, కొందఱికి కొన్ని నెలలలో, మఱికొందఱికి ఇరువది ముప్పదియేండ్ల తరువాత వచ్చును. ఈ ఆలస్యమే ఈ చరిత్ర యంతటికిని కీలకము. గెర్సూని తన రోగిని కొంతకాలము చూచి, సుఖముగా నున్నాడని చూచి, నిజమే వ్రాసెను. ఆయన అబద్ధమాడలేదు. ఆయన రోగికి ఒక వ్యాధి వలన లోటు కలిగినది; దానిని పూరింప యత్నించెను. ఆయనను నేను నిందింపను. పిమ్మట వచ్చిన వ్యాపారులు ఆయన 1900 నాటి సంతోషవార్తను మాత్రము చూపి, 1901, 1903, 1906 నాటి దుఃఖవార్తలను దాచిరి. నేడు ఫోనులో కనబడు చిత్రములును ఇట్టివే. సూది వేసిన దినమున తీసిన చిత్రమే కనబడును. పదియేండ్ల తరువాతి చిత్రము కనబడదు. 1911లో న్యూయార్కు వైద్యుడు ఫ్రెడరిక్ కోలె సౌందర్య శస్త్రవైద్యముపై పెద్ద గ్రంథము వెలువరించి, అందు పారఫిను సూది వలన కలుగు అపాయములను ఒక్కొక్కటిగా వ్రాసెను. మొదటి ప్రపంచయుద్ధము ముగియునాటికి ఐరోపా అమెరికాలలోని మంచి వైద్యులు దీనిని చాలవఱకు విడిచిరి.

వైద్యులు విడిచినను విద్య చావలేదు. ఆస్పత్రి గుమ్మము దిగి చీకటి సందులలో ప్రవేశించెను. తూర్పు ఐరోపా దేశములందు, కొరియాయందు, థాయిలాండు మయన్మారు దేశములందు పురుషులు తమ శిశ్నము లావగుటకు వాసలీను, ఖనిజతైలము, పారఫిను మొదలగువానిని ఎక్కించుకొనుట నేటికిని కలదు. చెఱసాలలలోను, సైనికుల వసతులలోను, దూరదేశపు కూలిపనుల తావులలోను ఒకరినిచూచి యొకరు చేసికొందురు. చేయువాడు వైద్యుడు కాడు, తోటివాడో, తానేయో. సూది శుద్ధమైనది కాదు. ఒకే సూదిని పలువురు వాడినచో ఎయిడ్సు, కామెర్లు కలిగించు క్రిములు ఒకరినుండి యొకరికి పోవును. 1950లో స్మెటానా, బెర్నార్డు అను ఇద్దఱు వైద్యులు ఈ గడ్డలకు గట్టిపడిన కొవ్వుగడ్డలను అర్థము వచ్చు శాస్త్రనామము నిచ్చిరి.

ఈ రోగి యవస్థను కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. శిశ్నపు చర్మము స్వభావముచే పలుచనిది, వదులైనది. క్రింద కొవ్వు లేదు. కావుననే అక్కడ ఎక్కించిన నూనె నిలుకడగా నుండక, చర్మముక్రింద నలుదెసలకు ప్రాకును. వృషణకోశమునకు, గజ్జలకు, పొత్తికడుపు క్రిందికి గూడ దిగబడును. కొన్నాళ్లకు చర్మము దళసరియై లోపలి భాగమునకు అతుకుకొనును. ముందరి చర్మము వెనుకకు పోదు. అంగము స్తంభించినప్పుడు సాగవలసిన చర్మము సాగదు. బాధ కలుగును, వంకరపోవును. పిమ్మట రంగు మాఱి పుండు పడును. నాడీవ్రణములేర్పడి నూనెయు చీమును కాఱును. పెంచుకొనవలెనని చేసిన పని దాంపత్యమునకే పనికిరాకుండ చేయును. మందులతో ఇది పోదు. నూనెను మరల సూదితో పీల్చుటకు వీలుకాదు. చెడిన చర్మమును, దానిక్రింది గట్టి మాంసమును గూడ కోసివేయవలెను. పోయిన చర్మమునకు బదులు వృషణకోశపు చర్మమునో, తొడనుండి తీసిన చర్మమునో కప్పవలెను. అలవాటుపడిన శస్త్రవైద్యుని చేతిలో ఇట్టి రోగులు పలువురు బాగుపడి సంసారములు చేసికొనుచున్నారు. ఎంత త్వరగా వచ్చిన అంత తక్కువ కోతతో ముగియును.

సిలికాను అను నూనెను గుఱించి రెండు మాటలు చాలును. అది ప్రయోగశాలలో పుట్టినది; విద్యుద్యంత్రములను చల్లబఱచుటకు వాడిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము జపానులో స్త్రీల వక్షములందు ఎక్కించుటకు మొదలిడిరి. పిమ్మట అమెరికాలోని లాస్ వేగాస్ నగరపు నర్తకులకు ఆ వాడుక పట్టెను. గడ్డలు, పుండ్లు, మరణములు విరివిగా కలుగగా 1970ల నడుమ నెవాడా రాష్ట్రమువారు దానిని నేరముగా నెంచి చట్టము చేసిరి. అయినను పిరుదులయందు ద్రవసిలికాను ఎక్కించు రహస్యవ్యాపారము నిలువనందున 2017 నవంబరులో అమెరికా ఔషధశాఖవారు మరల బహిరంగముగా హెచ్చరింపవలసివచ్చెను.

ఇప్పుడు మంచి ఆస్పత్రులలో వాడు పదార్థము వేఱు. 1934లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున కార్ల్ మేయరు, జాన్ పామరు అనువారు ఆవుకంటిలోని గాజువంటి జిగురునుండి ఒక పదార్థమును వేఱుచేసిరి. హైలురానిక్ ఆమ్లము దాని పేరు. పేరులోని మొదటిభాగమునకు గ్రీకుభాషలో గాజు అని అర్థము. మన కీళ్లలో, చర్మములో అది సహజముగా నున్నది. తొలుత కోడిపుంజు జుట్టునుండి తీసిరి. పిమ్మట సూక్ష్మక్రిములచే పులియబెట్టి చేయసాగిరి. 2003 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము ముఖపు ముడుతలకు దీనిని అనుమతించెను. ఇది మైనమువలె శాశ్వతముగా నిలువదు. కొన్ని నెలలకో, ఏడాదికో, కొంచెము హెచ్చుకాలమునకో దేహమే దీనిని కరగించును. అంతేకాక దీనికి విరుగుడు కలదు. 1928లో దురాన్ రేనాల్స్ అను శాస్త్రజ్ఞుడు జంతువుల వృషణరసమునందు, ఇతర ద్రవములను చర్మమున వ్యాపింపజేయు ఒక శక్తి కలదని కనుగొనెను. అది ఈ హైలురానిక్ ఆమ్లమును కోయు కిణ్వమని తరువాత తేలినది. నేటికిని ఎద్దుల, గొఱ్ఱెపోతుల వృషణములనుండి ఆ మందును తీయుచున్నారు. వృషణకోశమున మొదలైన కథకు విరుగుడు గూడ వృషణమునుండియే లభించుట విధివిలాసము.

కరగునా నిలుచునా అను సుశ్రుతుని ప్రశ్నకు ఇట్లు ఒక మంచి యుత్తరము దొరికినది. దీనిని నేను ఒప్పుకొనవలెను. మైనమునకును దీనికిని హస్తిమశకాంతరము కలదు. కాని రక్తనాళపు అపాయము మాత్రము 1901లో ఎట్లున్నదో నేడును అట్లే యున్నది. గుహ్యప్రదేశమున సిరలు తీగలవలె అల్లుకొనియుండును. సూదిమొన సిరలో దిగినచో, ఎక్కించిన పదార్థము గుండె కుడిభాగమునకును, అక్కడనుండి ఊపిరితిత్తులకును పోవును. కొరియా దేశమున యోనిమార్గమున ఈ జిగురును ఎక్కించుకొన్న స్త్రీలకు అట్లు ఊపిరి ఆడక ప్రాణముమీదికి వచ్చిన వృత్తాంతములు వైద్యపత్రికలందు కలవు. స్వీడనులో ముప్పదియేండ్ల ఆరోగ్యవంతుడొకడు తన దేహమునుండి తీసిన కొవ్వునే శిశ్నమున ఎక్కించుకొనుచుండగా, ఆ కొవ్వు ఊపిరితిత్తులకు పోయి మరణించిన సంగతి 2017లో ప్రకటితమైనది. పరాయి వస్తువు కాదు, సొంత కొవ్వే. అయినను త్రోవ తప్పినప్పుడు అదియు శల్యమే యైనది.

పెద్ద వైద్యసంఘములు ఈ విషయమున మౌనముగా లేవు. శిశ్నము లావగుటకు కొవ్వు ఎక్కించుట క్షేమకరమనిగాని ఫలదాయకమనిగాని ఋజువు కాలేదని అమెరికా మూత్రవైద్యుల సంఘము 1994లో ప్రకటించెను. యోనియందు అందమునకై, సుఖమునకై చేయు సూదిపనులు, కోతపనులు రోగచికిత్సకు అవసరమైనవి కావనియు, వాని క్షేమము ఋజువు కాలేదనియు అక్కడి స్త్రీవైద్యుల సంఘము 2007లో తెలిపెను. స్త్రీల విషయమున నాకు ఒక బాధ కలదు. ప్రసవములు కడచిన స్త్రీ శరీరమును చూచి ఇది లోపమని చెప్పి సొమ్ము గుంజువారు నగరములయందు ఏర్పడినారు. నలుగురు బిడ్డలను కన్న తల్లి దేహమున లోపమేమున్నది? పదునెనిమిదేండ్ల బాలుడు తన దేహము చాలదని కుములుటయు ఇట్టిదే. చాలమంది ఆరోగ్యవంతులే తాము సామాన్యులకన్న తక్కువ యని భ్రమపడి పోవుచున్నారని వైద్యులు చెప్పుచున్నారు. ఆ భ్రమను ఇంట ఒక పెద్ద నవ్వక, తిట్టక, విని యుండినచో సూదిదాక పోకయే ఆగెడివాడు.

మీలో ఎవరికైనను ఇంటనో ఊరనో ఇట్టివాడు కనబడినచో చేయదగినది చెప్పి ముగించెదను. సూది వేయించుకొన్న కొన్ని నిమిషములలోగాని గంటలలోగాని ఎగఊపిరి, ఱొమ్మునొప్పి, స్పృహ తప్పుట కలిగినచో వెంటనే పెద్ద ఆస్పత్రికి చేర్పవలెను. అచ్చోటి చర్మము తెల్లబడి, పిదప ఊదారంగు తిరిగి, తీవ్రముగా నొప్పి పెట్టినచో రక్తము ఆడుట లేదని అర్థము. అదియు గంటల లెక్కలోని పనియే. వాపు ఎఱ్ఱనై వేడిగా నున్నను, జ్వరము వచ్చినను, చీము కాఱినను ఆ దినమే చూపవలెను. గడ్డను పిసుకరాదు, కాపడము పెట్టరాదు, ఇంట కోయరాదు. పిసికినకొలది నూనె దూరమునకు ప్రాకును. వైద్యుడు మొదట అడుగునది మూడే మాటలు: ఏమి ఎక్కించిరి, ఎంత ఎక్కించిరి, ఎన్నడు ఎక్కించిరి. చెప్పుటకు సిగ్గుపడి పుండు తనంతట వచ్చినదన్నచో చికిత్స వేఱొక దారిని పోవును, కాలము వ్యర్థమగును. ఆ పదార్థపు సీసాగాని, పొట్లముగాని, పైకాగితముగాని మిగిలియున్నచో పారవేయక వెంట తీసికొని పోవలెను.